నిరాయుధులపై హింస: తొలినాటి ముస్లిం సైనికుల అవగాహన

ఒకే సేనలో, ఒకే సేనాని క్రింద, ఒకే ఆజ్ఞను విన్న ఇద్దరు సైనికులలో ఒకడు తన చేతికి చిక్కిన నిరాయుధుని చంపుతాడు. మరొకడు చేయి ఆపుకుంటాడు. యుద్ధ చరిత్రలు సాధారణంగా సేనానుల ఎత్తుగడలను, గెలుపోటములను వర్ణిస్తాయే గాని ఈ ఇద్దరి మధ్య తేడా ఎక్కడ పుట్టిందో చెప్పవు. ఈ విషయంలో హదీసు, సీరత్ గ్రంథాలకు ఒక ప్రత్యేకత గలదు. చంపినవాడు తన చర్యకు ఏ అర్థం చెప్పుకున్నాడో, నిరాకరించినవాడు ఏమని నిరాకరించాడో, వార్త మదీనాకు చేరిన తరువాత ఏమి జరిగిందో ఆ సైనికుల నోటి మాటగానే అవి భద్రపరచాయి. వాటిలో కొన్ని ముస్లిములకు గర్వకారణమైనవి కావు. అయినా ఉల్లేఖకులు వాటిని దాచలేదు.

ఇట్టి వృత్తాంతాలలో మొదట చెప్పుకోవలసినది బనూ జజీమా ఉదంతం. మక్కా విజయం హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్ మాసంలో (క్రీ.శ. 630) జరిగింది. తరువాతి మాసమైన షవ్వాల్‌లో దైవప్రవక్త (స) హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) నాయకత్వాన సుమారు 350 మందిని మక్కాకు దక్షిణాన, యలమ్‌లమ్ వైపున నివసించే బనూ జజీమా తెగ వద్దకు పంపారు. సేనలో ముహాజిర్లు, అన్సార్లు, వారితోపాటు బనూ సులైమ్ తెగవారు ఉన్నారు. వీరు వెళ్ళినది యుద్ధానికి కాదని, ఇస్లాం సందేశాన్ని అందించడానికేనని ఇబ్న్ ఇస్‌హాఖ్ స్పష్టంగా వ్రాశాడు.

సేనను చూచి ఆ తెగవారు ఆయుధాలు చేపట్టారు. జనులందరూ ఇస్లాం స్వీకరించారు గనుక ఆయుధాలు దించమని ఖాలిద్ (రజి) వారితో చెప్పారు. వారిలో జహ్‌దమ్ అనే వ్యక్తి మాత్రం ఒప్పుకోలేదు. ఆయుధం దించిన తరువాత బంధనం, బంధనం తరువాత శిరచ్ఛేదం తప్పదని తనవారిని హెచ్చరించాడు. అతని మాటను తెగవారు లెక్కచేయలేదు. రక్తపాతానికి కారకుడవు కాబోతున్నావని అతన్నే నిందించి, అతని ఆయుధాన్ని కూడా లాగివేశారు. ఆ తరువాత వారిలో కొందరు చంపబడ్డారు, మిగిలినవారు బందీలైనారు. బందీలను సైనికులకు తలా ఒకరి చొప్పున అప్పగించారు. ఇబ్న్ సఅద్ కథనం ప్రకారం తెల్లవారుజామున ఎవరి బందీని వారు చంపివేయాలని ఆజ్ఞ వెలువడింది. బనూ సులైమ్ వారు తమ చేతిలోని వారిని చంపారు. ముహాజిర్లు, అన్సార్లు తమ బందీలను విడిచిపెట్టారు.

ఒకే ఆజ్ఞకు ఇంత భిన్నమైన ప్రతిస్పందన ఎందుకు వచ్చింది? ఇక్కడ ఒక మాట చరిత్ర ఉన్నది. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖన ప్రకారం బనూ జజీమా వారికి ‘అస్లమ్‌నా’ (ఇస్లాం స్వీకరించాము) అనే మాట సరిగా పలకడం రాలేదు. వారు ‘సబఅనా, సబఅనా’ అన్నారు. ఒక మతాన్ని విడిచి మరొక మతంలోకి పోయాము అని దాని అర్థం. ఖురైషీయులు ముస్లిములను ఎత్తిపొడవడానికి వాడిన పేరు ‘సాబీ’. ముస్లిముడు కావడం అనే విషయానికి ఈ మారుమూల తెగవారు విన్నది ఆ ఒక్క మాటే. వారు తెలిసిన మాటనే తమ రక్షణ కొరకు వాడుకున్నారు. సేనాని చెవికి అది ధిక్కారంగానో, దాటవేతగానో తోచింది. ఇస్లాం అనే పేరు పలకడానికే వారు ఇష్టపడడం లేదని ఆయన భావించి ఉండవచ్చునని హదీసు వ్యాఖ్యాతలు వ్రాశారు. ఇబ్న్ ఉమర్ (రజి) మాటను పట్టుకోలేదు, మాట వెనుక ఉన్న ఉద్దేశాన్ని గ్రహించారు. ఆ సంఘటనను వర్ణించేటప్పుడే వారికి ఆ మాట చక్కగా అనడం చేతకాలేదు అని చెప్పడంలో ఆయన తీర్పు ఇమిడి ఉన్నది.

అయితే మాట ఒక్కటే కారణమని చెప్పి ముగిస్తే సత్యం సగమే చెప్పినట్లవుతుంది. ఇస్లాంకు పూర్వం యెమెన్ వర్తకం నుండి తిరిగివస్తున్న ఖురైషీయులను బనూ జజీమా వారు దారిలో చంపారు. చనిపోయినవారిలో ఖాలిద్ (రజి) పినతండ్రి ఫాకిహ్ బిన్ ముగీరా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తండ్రి ఔఫ్ ఉన్నారు. ఈ పాత పగ ఆనాడు సేనలో చాలామందికి తెలిసినదే. సంఘటన తరువాత ఖాలిద్, అబ్దుర్రహ్మాన్‌ల మధ్య జరిగిన వాగ్వాదాన్ని ఇబ్న్ ఇస్‌హాఖ్ పేర్కొన్నాడు. ఇస్లాంలో ఉండి అజ్ఞానకాలపు పని చేశావని అబ్దుర్రహ్మాన్ (రజి) అన్నారు. నీ తండ్రి పగనే తీర్చాను కదా అని ఖాలిద్ జవాబు చెప్పారు. తన తండ్రిని చంపినవానిని తాను ఏనాడో చంపానని, ఖాలిద్ తీర్చుకున్నది తన పినతండ్రి పగ అని అబ్దుర్రహ్మాన్ తిప్పికొట్టారు. గమనింపదగినదేమనగా, ఆ పగకు ఎక్కువ హక్కుదారుడైన కొడుకే ఆ వంకను అంగీకరించలేదు. ఖాలిద్‌ను సమర్థించేవారు మరొక కథనం కూడా చెప్పారు. ఆ తెగను శిక్షించమన్నది దైవప్రవక్త ఆజ్ఞయేనని అబ్దుల్లా బిన్ హుజాఫా సహ్‌మీ తనకు చెప్పాడని ఖాలిద్ అన్నట్లు అందులో ఉన్నది. ఒకే చర్యకు ఇలా మూడు వివరణలు మిగిలాయి: వినబడిన మాట, పాత పగ, పైవారి ఆజ్ఞ. నిరాయుధులను చంపిన సైనికులు ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా చెప్పే సమాధానాలు చాలావరకు ఈ మూడింటిలోనే ఇమిడిపోతాయి.

నిరాకరించినవారి సంగతి కూడా చూడవలసి ఉన్నది. ఇబ్న్ ఉమర్ (రజి) అప్పటికి ఇరవై ఏండ్ల ప్రాయం అటూ ఇటుగా ఉన్న యువకుడు. ఉహుద్ నాడు పద్నాలుగేండ్ల బాలుడని వెనుకకు పంపబడినవాడు. తన బందీని తాను చంపనని, తన సహచరులలో ఎవరూ తమ బందీలను చంపరని ఆయన ప్రమాణం చేసి చెప్పారు. రెండవ భాగం ముఖ్యమైనది. ఏకాంతంగా తప్పుకొనుట వేరు, తోటివారిని కూడా తన మాటలో కలుపుకొనుట వేరు. తప్పించుకున్న ఒక వ్యక్తి వార్త తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) అడిగినవాటిలో ఒకటి, అక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పారా అన్నది. తెల్లని ఛాయ, నడిమి ఎత్తు గల ఒకతను అభ్యంతరం చెప్పాడని, ఖాలిద్ గద్దించగా ఊరుకున్నాడని, పొడగరి అయిన మరొకతను మాత్రం వాదనకు దిగగా ఇద్దరి మధ్య మాటలు పెరిగాయని ఆ వ్యక్తి చెప్పాడు. ఆనవాళ్ళు విని హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుపట్టారు. మొదటివాడు తన కుమారుడు; రెండవవాడు అబూ హుజైఫా మౌలా అయిన సాలిం (రజి). సాలిం ఒకనాటి బానిస. కాని ఖురాన్ పారాయణంలో ఆయన నుండి నేర్చుకొమ్మని ప్రవక్త (స) సిఫారసు చేసిన నలుగురిలో ఒకరు. ప్రసిద్ధుడైన ఖురైషీ సేనాని ఎదుట నిలిచి వాదించినది ఆ మాజీ బానిస కావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. తెగల పగలతో ఆయనకు సంబంధం లేదు. ఆయన ఎరిగిన కొలమానం ఖురాన్ ఒక్కటే.

దైవప్రవక్త (స) చేతులెత్తి, ఖాలిద్ చేసిన దానితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ఎదుట ప్రకటించారు. ఒకసారితో ఆగక మళ్ళీ అన్నారు. తరువాత హజ్రత్ అలీ (రజి)కి ధనమిచ్చి ఆ తెగ వద్దకు పంపారు. అలీ (రజి) చంపబడిన వారందరికీ రక్తపరిహారం (దియత్) చెల్లించారు. పోయిన ఆస్తికి వెల కట్టారు. కుక్క నీళ్ళు త్రాగే తొట్టికి కూడా వెల ఇచ్చారు. ఇక ఏమీ మిగలలేదని వారు ఒప్పుకున్న తరువాత, ఇరువురికీ తెలియక మిగిలిపోయినది ఏదైనా ఉంటే దానికి అని చెప్పి శేషించిన ధనాన్ని కూడా వారికే అప్పగించి వచ్చారు. ప్రవక్త (స) దానిని మెచ్చుకున్నారు.

ఖాలిద్ (రజి)పై ప్రతీకార శిక్ష (ఖిసాస్) ఎందుకు అమలు కాలేదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆయన పదవి కూడా పోలేదు. కొద్ది దినాలకే హునైన్ యుద్ధంలో ముందు దళంలో ఉన్నారు. ధర్మవేత్తలు చెప్పిన సమాధానం ‘తావీల్’ అనే భావనపై ఆధారపడినది. ఉన్న ఆధారానికి తప్పు అర్థం చెప్పుకొని చేసిన వధ, తెలిసి తెలిసి చేసిన హత్యతో సమానం కాదు. అయినా హతుని రక్తం వృథాగా పోదు, పరిహారం చెల్లించి తీరాలి. ఆ పరిహారం ప్రభుత్వ ఖజానా నుండి రావాలా, తప్పు చేసినవాని బంధువర్గం భరించాలా అన్నదానిపై ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. ఇమామ్ బుఖారీ ఈ హదీసును యుద్ధాల ప్రకరణంతో సరిపెట్టక న్యాయనిర్ణయాల ప్రకరణంలో కూడా చేర్చి, అధికారి అన్యాయంగా ఇచ్చిన తీర్పు చెల్లదనే శీర్షిక క్రింద ఉంచారు. అనగా ఆయన దృష్టిలో ఆ తెల్లవారుజామున వెలువడినది తిరస్కరించదగిన ఒక తీర్పు. తావీల్ అనే ఆశ్రయం అవసరమైనదే; కాని బలవంతుల చేతిలో అది ఎంత విశాలమైన తలుపు కాగలదో తరువాతి చరిత్ర చూపింది.

ఇట్టి తప్పు అర్థాలను ప్రవక్త (స) ఎలా ఖండించారో తెలిపే ఉల్లేఖనాలు ఇంకా ఉన్నాయి. ఒక దండయాత్రలో సైనికులు వేడి మీద పిల్లలను కూడా చంపారు. ఆయన మందలించగా ఒకతను, వారు బహుదైవారాధకుల పిల్లలే కదా అన్నాడు. మీలో శ్రేష్ఠులైనవారు మాత్రం బహుదైవారాధకుల పిల్లలు కారా అని ప్రవక్త (స) అడిగారు. అస్వద్ బిన్ సరీఅ (రజి) చెప్పిన ఈ ఉదంతంలో జవాబు సూటిగా ఆ సైనికుని పుట్టుకకే తగిలింది. అక్కడ నిలబడినవారిలో చాలామంది తండ్రులు విగ్రహారాధకులే.

మరొక యుద్ధంలో జనం ఒకచోట గుమిగూడి ఉండగా ప్రవక్త (స) ఎందుకో చూచి రమ్మన్నారు. అక్కడ ఒక స్త్రీ శవం ఉన్నది. ఈమె పోరాడే మనిషి కాదు కదా అని ఆయన అన్నారు. ముందు దళంలో ఉన్న ఖాలిద్‌కు, స్త్రీని గాని కూలివానిని గాని చంపవద్దని మనిషిని పంపి చెప్పించారు. ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది, సైనికులు ఆ శవం చుట్టూ గుమిగూడడం. జరగరానిది జరిగిందని వారికి అప్పటికే తోచి ఉండాలి, లేకపోతే రణరంగంలో ఒక శవం చుట్టూ ఎవరు నిలబడతారు? రెండవది, ప్రవక్త (స) చెప్పిన కారణం. ఆమె పోరాడలేదన్నదే ఆ కారణం. కూలివానిని కూడా అదే సూత్రం రక్షిస్తుంది. సేన వెంట బరువులు మోసేవాడు శత్రువు తెగవాడే అయినా, శత్రు యోధుడు కాడు. తరువాతి ధర్మవేత్తలలో అనేకులు రైతులను, మఠవాసులను, వృద్ధులను మినహాయించడానికి మూలం ఇక్కడ వెదికారు.

హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) ఉదంతం ప్రసిద్ధమైనది. జుహైనా తెగలోని హురఖా శాఖపై జరిగిన దాడిలో ఆయన, ఒక అన్సారీ కలిసి ఒకతన్ని తరిమి చుట్టుముట్టారు. అతను కలిమా పలికాడు. అన్సారీ ఆగిపోయాడు. ఉసామా ఈటెతో పొడిచారు. ఇద్దరూ విన్నది ఒకే మాట, ఒకే క్షణంలో. ప్రాణభయంతో అన్నాడే తప్ప మనసారా అనలేదని ఉసామా చెప్పుకున్నారు. అతని గుండె చీల్చి చూచావా అని ప్రవక్త (స) అడిగారు. ఆ మందలింపు ఎన్నిసార్లు సాగిందంటే, ఆ దినానికి ముందు తాను ముస్లిముడు కాకుండా ఉంటే బాగుండునని ఉసామాకు అనిపించింది. ఆయన తరువాత జీవితమంతా ఈ గాయం కనబడుతుంది. ముస్లిముల మధ్య అంతర్యుద్ధం వచ్చినప్పుడు, హజ్రత్ అలీ (రజి) పట్ల ఎంత ప్రేమ ఉన్నా, ఆయన పక్షాన కూడా కత్తి పట్టడానికి ఉసామా ఒప్పుకోలేదు.

గొర్రెలు కాచుకునే ఒకతను సలాం చెప్పినా సైనికులు అతన్ని చంపి గొర్రెలను తోలుకొని వచ్చిన సందర్భంలో ‘అన్నిసా’ అధ్యాయం 94వ సూక్తి అవతరించిందని ఇబ్న్ అబ్బాస్ (రజి) చెప్పారు. ఆ సూక్తి దర్యాప్తు చేసుకొమ్మని ఆజ్ఞాపించడంతో ఆగదు. సలాం చెప్పినవానిని విశ్వాసివి కావని అనడం వెనుక ప్రాపంచిక లాభాపేక్ష ఉన్నదని బయటపెడుతుంది. మీరు కూడా ఒకప్పుడు ఇదే స్థితిలో ఉండేవారని గుర్తుచేస్తుంది. నోటితో అనుమానం, చేతిలో గొర్రెలు: అనుమానం ఎవరికి లాభిస్తుందో ముందు చూడమన్నట్లుగా ఉన్నది ఈ క్రమం.

ఆజ్ఞ అన్న వంకను గురించి కూడా ఒక దృష్టాంతం గలదు. ఒక సేనాని తన సైనికులపై కోపించి, కట్టెలు పోగుచేయించి, నిప్పు రాజేయించి, అందులో దూకమని ఆజ్ఞాపించాడు. తనకు విధేయులుగా ఉండమని ప్రవక్త (స) చెప్పలేదా అని అడిగాడు. కొందరు దూకబోయారు. నిప్పు నుండి తప్పించుకోవడానికే కదా ప్రవక్త వద్దకు వచ్చాము అని మిగిలినవారు ఆగారు. అంతలో నిప్పు ఆరింది, సేనాని కోపమూ చల్లారింది. విషయం విని ప్రవక్త (స), దూకి ఉంటే వారు ఎన్నటికీ దానినుండి బయటపడేవారు కాదని, విధేయత మంచి విషయంలో మాత్రమేనని స్పష్టం చేశారు. సీరత్ గ్రంథాలు ఆ సేనాని పేరు అబ్దుల్లా బిన్ హుజాఫా అని చెబుతున్నాయి. బనూ జజీమా విషయంలో ఖాలిద్‌కు ఆజ్ఞను చేరవేసినట్లు ఒక కథనం చెప్పినది ఈయన పేరే కావడం విచిత్రం.

నిరాకరించి వార్త మోసినవానికి ఎప్పుడూ స్వాగతం లభించలేదు. హిజ్రీ 11లో (క్రీ.శ. 632) బుతాహ్ వద్ద మాలిక్ బిన్ నువైరా, అతని అనుచరులు బందీలుగా ఉండగా చంపబడ్డారు. ఇక్కడ కూడా కథనాలు భిన్నంగా ఉన్నాయి. రాత్రి చలి ఎక్కువగా ఉండి, బందీలకు వెచ్చదనం కల్పించమని ఖాలిద్ (రజి) చెప్పగా, కినానా మాండలికంలో ఆ మాటకు చంపమని అర్థం ఉన్నందున కావలివారు చంపివేశారని తబరీ ఉల్లేఖించిన ఒక కథనం. వారు అజాన్ చెప్పారని, నమాజు చేశారని హజ్రత్ అబూ ఖతాదా అన్సారీ (రజి) సాక్ష్యమిచ్చారు. ఖాలిద్ జెండా క్రింద ఇక యుద్ధం చేయనని శపథం చేసి మదీనాకు వెళ్ళారు. సేనాని అనుమతి లేకుండా వచ్చినందుకు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయనపైనే కోపించి తిరిగి పంపారని ఆ కథనమే చెబుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) మాత్రం ఖాలిద్‌ను తొలగించాలని పట్టుబట్టారు. ఖాలిద్ తావీల్ చేసి పొరబడ్డాడని ఖలీఫా తీర్పు చెప్పి, మాలిక్ కొరకు పరిహారం చెల్లించి, బందీలను విడిపించారు. ఖలీఫాకు ఆనాడు అరేబియా అంతా తిరుగుబాటులో ఉన్నది, ఆ సేనాని అవసరం ఉన్నది. ఉమర్‌కు హతుని రక్తం కనబడింది. ముస్లిం చరిత్రకారులు ఈ వాదంలో నేటికీ రెండు పక్షాలుగా ఉన్నారు.

ఈ ధోరణి ఏడవ శతాబ్దంతో ముగియలేదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్ గ్రామంలో అమెరికన్ సైనికులు వృద్ధులను, స్త్రీలను, పిల్లలను వందలాదిగా కాల్చి చంపారు. వియత్నాం ప్రభుత్వ లెక్కలో మృతులు 504 మంది. హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ చోదకుడు గ్రామస్థులకు, సైనికులకు మధ్య తన యంత్రాన్ని దింపి, సైనికులు కాల్పులకు దిగితే వారిపైనే కాల్చమని తన సిబ్బందికి చెప్పి కొందరిని రక్షించాడు. స్వదేశంలో కొందరు శాసనసభ్యులు శిక్షించాలన్నది అతన్నే. పతకం దక్కడానికి 1998 వరకు, అనగా ముప్పై ఏండ్లు పట్టింది. 22 హత్యలకు 1971లో యావజ్జీవ శిక్ష పడిన లెఫ్టినెంట్ కాలీ పై అధికారి ఆజ్ఞనే పాటించానని వాదించాడు. కొద్ది ఏండ్లకే, అదీ చాలావరకు గృహనిర్బంధంలో గడిపి, విడుదలయ్యాడు.

ఈ ఉదంతాల నుండి ఒక శాస్త్రం ఏర్పడింది. సిరియాకు వెళ్ళే సేనాని యజీద్ బిన్ అబూ సుఫ్యాన్‌కు అబూబక్ర్ (రజి) చేసిన పది ఉపదేశాలు ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఉన్నాయి: స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు, పండ్ల చెట్లు నరకరాదు, జనావాసాలను పాడుచేయరాదు, ఆహారానికి తప్ప గొర్రెను, ఒంటెను కోయరాదు అన్నవి వాటిలో కొన్ని. ఉల్లేఖన పరంపరలో తెంపు ఉన్నప్పటికీ ధర్మవేత్తలు దీనిని విరివిగా గ్రహించారు. హిజ్రీ 189లో (క్రీ.శ. 805) మరణించిన ఇమామ్ ముహమ్మద్ షైబానీ యుద్ధ, శాంతి నియమాలను ‘సియర్’ పేరుతో క్రోడీకరించారు. సేనానికి ఏ విషయంలో విధేయత చూపాలి, ఏ విషయంలో చూపరాదు అన్నదానికి అందులో ఒక ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. దానిపై సరఖ్సీ వ్రాసిన వ్యాఖ్యను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1335 నుండి (క్రీ.శ. 1916-17) సంపుటాలుగా ముద్రించింది. హైదరాబాదులోనే 1908లో జన్మించి, ఉస్మానియాలో చదివి, తరువాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఈ శాస్త్రాన్ని అంతర్జాతీయ న్యాయశాస్త్రంగా ఆధునిక పాఠకులకు పరిచయం చేశారు.

శాస్త్రం ఏర్పడినంత మాత్రాన కష్టమైన ప్రశ్నలు తొలగలేదు. శత్రువు కోటలో బందీలను, పిల్లలను కవచంగా నిలబెడితే బాణం వేయవచ్చునా? శత్రు యోధునికే గురిపెట్టే ఉద్దేశంతో వేయవచ్చునని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. ఇమామ్ ఔజాయీ ఒప్పుకోలేదు. ముస్లిం బందీలు కవచంగా ఉన్నప్పుడు ఆగాలని ‘అల్‌ఫత్హ్’ అధ్యాయం 25వ సూక్తిని ఆధారంగా చూపారు. రాత్రి దాడిలో చీకటి వలన స్త్రీలు, పిల్లలు దెబ్బతింటే ఏమిటని సఅబ్ బిన్ జస్సామా (రజి) అడిగినప్పుడు వారు కూడా ఆ జనంలోనివారేనని ప్రవక్త (స) చెప్పినట్లు సహీహ్ హదీసు ఉన్నది. ఉద్దేశపూర్వకంగా గురిపెట్టడానికి ఇది అనుమతి కాదని, చీకటిలో వేరుచేయలేని స్థితికే ఇది వర్తిస్తుందని అధిక సంఖ్యాకుల అభిప్రాయం. తప్పు అర్థం తీయడానికి ఇంతకంటె అనువైన హదీసు మరొకటి దొరకదు. దానిని ఉల్లేఖించిన ఇమామ్ జుహ్రీ ఆ ప్రమాదాన్ని ఎరిగినవాడు కాబోలు. ఈ హదీసును చెప్పినప్పుడల్లా, స్త్రీలను, పిల్లలను చంపడాన్ని ప్రవక్త (స) తరువాత నిషేధించారన్న మరొక ఉల్లేఖనాన్ని వెంటనే జోడించి గాని ఆయన ఊరుకునేవారు కారు.